టేకు సింహాలు

కరీంనగర్,
10 జూలై 1950

అక్క సక్కుబాయికి, బాపుకు ముత్యం దండం పెట్టి రాసేది.

నేను మంచిగనే ఉన్న. వానలు మొదలైనయి. నేనుండే అర్ర ఒక్కతాన కారుతున్నది గని, మంచం జరుపుకుంటె సరిపోయింది. ఈ ఉత్తరం బాపుకు నిదానంగ రెండుసార్లు చదివి వినిపించు. ఖుషీ సంగతి ఉన్నది.

మా కచ్చేరి పెద్ద హాల్ల, సాహెబు కుర్సీ వెనుక గోడకు నిజాం సర్కారు ముద్ర ఉంటుండె గద. బాపు చెక్కిందే. నేను పుట్టకముందు ఎడ్లబండి మీద గడ్డి పరిచి నిర్మల్ నుంచి కరీంనగర్ దాకా ఆయనే తెచ్చిండని చెప్పేటోడు. మొన్న సోమవారం దాన్ని దించిండ్లు. నలుగురు పట్టిండ్లు. దించినంక చూస్తె గోడ మీద దాని ఆకారం తెల్లగ మిగిలింది. చుట్టూ గోడంత పొగచూరి ఉన్నది, నడుమ మాత్రం నిన్న సున్నమేసినట్టు. మేము రాసుకుంట కూసున్నంత సేపు ఆ తెల్లటి జాగ మా నెత్తి మీద ఏదో అడుగుతున్నట్టే ఉంటున్నది.

అక్కడ కొత్త ముద్ర రావాలె. మొన్న జనవరిల దేశం గణతంత్రమైన నాడు ఒక ముద్ర ఒప్పుకున్నరు గద, హైదరాబాదు నుంచి వచ్చే కాయితాల మీద ఇప్పుడు అదే ఉంటున్నది. మా సాహెబు సుదర్శన్‌రావు గారు "సున్నపు బొమ్మ నాకొద్దు. కర్రల చెక్కింది కావాలె. వచ్చే జనవరి ఇరవై ఆరుకు గోడ మీద ఉండాలె" అన్నడు. నాకు నోరు ఆగలే అక్క. "సార్, మీరు దించిన ముద్ర మా బాపు చేతిదే. నిర్మల్‌ల కర్ర బొమ్మలు చెక్కే నకాషీ లింగమూర్తి" అన్న. ఆయన కలం ఆపి నా మొఖం దిక్కు చూసిండు. రెండేండ్ల నౌకరిల ఆయన నా మొఖం చూసుడు అదే మొదలు.

"అయితె మీ బాపుతోనే చేయించు. ఇంకో మాట. పాత దాని మీద చేసినోని పేరు లేదు. ఈసారి కింద చిన్నగ పేరు చెక్కమను. ఇప్పుడిది మన రాజ్యం" అన్నడు.

పని మంచిగైతె నా నౌకరి పక్కా చేయిస్తనన్నడు. ఉర్దూ చదువుకున్నోళ్లకు ఇప్పుడు దినాలు మంచిగ లేవు. ఇంగ్లీషు వచ్చినోళ్లు దిగుతున్నరు. అందుకే ఈ పని నాకు ఎంత ముఖ్యమో బాపుకు చెప్పు.

సర్కారు కాయితం మీది ముద్రను పలుచటి కాయితం వేసి గీసి పంపుతున్న. మూడడుగుల ఎత్తు కావాలె. టేకుల.

మీ ముత్యం


నిర్మల్,
24 జూలై 1950

తమ్ముడు ముత్యంకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం బాపుకు రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చదివిన. కండ్లు మూసుకొని విన్నడు. ఒప్పుకున్నడు. ఆయన సంగతి నీకెర్కే గద, మాటలు తక్కువ. ఇప్పుడు మరీ తక్కువైనయి.

నువ్వు గీసిన కాయితాన్ని నేను రంగులు కలిపే తాన గోడకు అంటించిన. ఇన్నేండ్లు ఆవులకు, ఏనుగులకు, పెండ్లి జంటలకు రంగులేసిన గని సింహం మొఖం ఇంత దగ్గర చూడలే. పులి అంటె మన దిక్కు అందరికెర్కే. పులి తిరిగిన తొవ్వల అన్నం ఉడికిన వాసన వస్తదని అవ్వ చెప్పేది. మరి సింహం తిరిగిన తొవ్వల ఏం వాసన వస్తదో. అడిగితె చెప్పేటోళ్లు నిర్మల్‌ల ఒక్కరు లేరు.

మొన్న పగటాల కర్ర పొట్టు మీదనే కన్ను మలిగింది. మన వాకిట్ల సింహాలు తిరుగుతున్నయి. ఎండబెట్టిన బొమ్మలను ఒక్కొక్కదాన్ని వాసన చూసి, ఏ ఒక్కదాన్ని పడగొట్టకుండ పోతున్నయి. నేను రంగు గిన్నె పట్టుకొని నిలబడ్డ. భయం కాలే. లేచి చూస్తె చేతికి నిజంగనే పసుపు రంగు అంటి ఉన్నది.

బాపు కొన్ని సంగతులు అడగమన్నడు. వీపులు ఆనిచ్చి నిలబడ్డయి గద, మరి వెనుక దిక్కు ఏమున్నది? గుర్రం ఉరుకుతున్నది, ఎద్దు నిలబడ్డది, ఎందుకు? నోళ్లు తెరిచినయి గని నాకు కోపం కనబడుతలేదు. నువ్వు గీసుడుల తప్పా, లేకుంటె నిజంగనే అట్లున్నదా? కోపం నోరు చెక్కుడు అల్కగ ఉంటది. కోపం లేని తెరిచిన నోరు చెక్కుడు మస్తు కష్టం.

ఇంకొకటి. దించిన ముద్రను ఏం చేసిండ్లు? ఇది బాపు అడగమనలే. నేనే అడుగుతున్న.

సక్కుబాయి


కరీంనగర్,
14 ఆగస్టు 1950

అక్కకు దండాలు.

బాపు అడిగినయన్ని రాసుకొని సాంబయ్య సారు దగ్గరికి పోయిన. ఆయన బడిల బొమ్మలు గీసుడు నేర్పేటోడు, ఇప్పుడు పింఛన్ల ఉన్నడు. కట్ట మీద కూసోబెట్టి పొద్దుగూకే దాకా చెప్పిండు.

ఇది ఇప్పుడు కొత్తగ పుట్టిచ్చింది కాదట అక్క. రెండు వేల ఏండ్ల కింద అశోకుడనే రాజు, యుద్ధం చాలించినంక, దేశమంత రాతి కంబాలు నిలబెట్టిండట. కాశీ దగ్గర ఒక కంబం తల మీద ఉన్న బొమ్మే ఇది. సింహాలు మూడు కాదు, నాలుగు. నాలుగోది వెనుక దిక్కు చూస్తుంటది కాబట్టి మనకు కానరాదు. కింద పట్టీ చుట్టూ ఏనుగు, గుర్రం, ఎద్దు, సింహం ఉన్నయి, వాటి నడుమ చక్రాలు. ముందు నుంచి చూసేటోళ్లకు నడుమ చక్రం, ఒక పక్క గుర్రం, ఒక పక్క ఎద్దు మాత్రం కనబడుతయి. చివరలకు ఇంకో రెండు చక్రాల అంచులు.

చక్రం ధర్మమట. గుర్రం జోరు, ఎద్దు ఓపిక, రెండూ కావాలె రాజ్యానికి అని సారు అంటడు. ఇంకొకలు ఇంకో తీరు చెప్తరట. నోరు సంగతి చెప్తె సారు నవ్విండు. "అడిగినాయన నిజంగ పనోడు. అది మీద పడే నోరు కాదు, చెప్పే నోరు. నాలుగు దిక్కులకు మంచి మాట వినబడాలని" అన్నడు. బాపుకు ఈ మాట చెప్పు, ఖుషీ అయితడు.

పాత ముద్ర రికార్డు అర్రల గోడకు ఆనిచ్చి, గోనెసంచి కప్పి పెట్టిండ్లు. నీ ఉత్తరం వచ్చినంక పోయి సంచి లేపి చూసిన. అంచుల పొంటి ఉలి గీతలు ఇంకా ఉన్నయి. వేలు పెట్టి తడిమిన. చిన్నప్పుడు నా చేతిల ఉలి పెట్టి, పైనుంచి బాపు చెయ్యి వేసి కొట్టిచ్చేటోడు గద. నేను ఏడుస్తుంటి. ఆ ఏడుపు యాదికొచ్చింది. అప్పుడు నా దిక్కు చూసుకుంట నువ్వు రంగులు నూరేదానివి.

దసరాకు రెండు దినాలు సెలవు దొరికేటట్టున్నది. వస్త. బాపు పని చేస్తుంటె పక్కన కూసొని చూడాలని ఉన్నది.

ముత్యం


నిర్మల్,
18 సెప్టెంబరు 1950

తమ్ముడు ముత్యంకు,

నీ ఉత్తరం చదివి నెలైనా జవాబు రాయలే. పనిల పడి దినాలు ఎట్ల పోతున్నయో తెలుస్తలేదు.

టేకు దొరికింది. అడవి దిక్కు నుంచి వచ్చిన పాత మొద్దు, మూడేండ్లు ఎండింది. మన పొనికి కర్ర పిల్లల లెక్క, ఎట్ల వంచితె అట్ల వంగుతది, ఉలి ఆనిచ్చుడే ఆలస్యం. టేకు అట్ల కాదు. నువ్వెవరు, ఏం కావాలె అని అడుగుతది. మొదటి దినం ఒక్క జానెడు సుత లొంగలే. రెండో దినం నా చెయ్యి, కాదు, బాపు చెయ్యి జర బొబ్బలెక్కింది. ఇప్పుడు అలవాటైంది.

నడుమ సింహం మొఖం తేలింది. ముందు ముక్కు కనబడ్డది, నీళ్లల్ల నుంచి తల ఎత్తినట్టు. తరువాత కండ్లు. నోరు ఇంకా తెరవలే. దినాం పొద్దుగాల చీపురు పట్టుకొని పోయి చూస్తె, రాత్రంత అదే జర జరిగి బయటికి వచ్చినట్టు కొడుతది. గోడకు ఆనే వెనుక దిక్కు ఎవరికీ కానరాదు గద. అయినా అక్కడ నాలుగోదాని జూలు గీతలు నాలుగు గీసుడైంది. లేదని గోడ సుత అనుకోవద్దు.

నువ్వు గీసిన కాయితం అడుగున నాగరి అక్షరాలున్నయి. లీలాబాయి తాన తీసుకపోయిన. మరాఠీ బడిల పంతులమ్మ, నీకెర్కే, మన వెనుక గల్లీ. ఆమె చదివి "సత్యమేవ జయతే" అన్నది. నిజమే గెలుస్తదని దాని అర్థమట. గీసేటప్పుడు నువ్వు ఆ సంగతి ఎందుకు రాయలే?

ఇంటికి వచ్చి మస్తు సేపు ఉత్తగ కూసున్న.

దసరాకు రావద్దు ముత్యం. పని నడుమల ఉన్నది. బాపుకు పని కానిది ఎవరన్న చూస్తె నచ్చదు. జనవరికి నువ్వే చూస్తవు గద.

సక్కుబాయి


కరీంనగర్,
3 అక్టోబరు 1950

అక్కా,

నిన్న బొమ్మల ముత్తయ్య కలిసిండు. కొండగట్టు మీద బొమ్మలమ్మి, అటే కరీంనగర్ వచ్చిండట. బస్సుల అడ్డా తాన నన్ను చూసి, గంప దించి, నా రెండు చేతులు పట్టుకున్నడు. "మీ బాపుకు ఇప్పుడెట్లున్నది బిడ్డా, మాట ఏమన్న తిరిగిందా?" అన్నడు.

ఉగాది పోయిన నాలుగో దినం బాపు పని మీదనే ఒరిగిండని, కుడిపక్కంత పోయిందని, ఆరు నెలల సంది మంచంలనే ఉన్నడని నాకు పరాయి మనిషి చెప్పాల్సొచ్చింది. ఆయన సుత నా మొఖం చూసి పరేషానైండు. "నీకు తెల్వదా?" అన్నడు.

ఎందుకు దాచినవ్? శివరాత్రికి వచ్చినప్పుడు నన్ను వాకిలి దాకా సాగనంపిండు బాపు. నేను కొడుకును కానా? నువ్వు "బాపు అడగమన్నడు" అని రాసిన మాటలన్ని పట్టుకొని నేను సాంబయ్య సారు దగ్గర ఎంత గొప్పలు పోయిన్నో నీకెర్కా?

చెక్కుతున్నది ఎవరు? ఎవరినన్న కూలికి పెట్టినవా? సాహెబుకు నేను లింగమూర్తి పేరు చెప్పిన. కాయితం మీద లింగమూర్తి పేరు ఎక్కింది. నా బతుకు దాని మీద ఉన్నది.

నిజం రాయి.

ముత్యం


నిర్మల్,
9 అక్టోబరు 1950

ముత్యం,

కోపం చెయ్యి. నీకు ఆ హక్కున్నది. గని చివరిదాక చదువు.

ఆ దినం బాపు ఏనుగు కాలు చెక్కుతుండె. ఉలి కిందపడ్డ చప్పుడైంది. ఆయన చేతిల నుంచి ఉలి పడుడు నేను ఎన్నడు వినలే, అందుకే ఉరికిన. ఒక పక్కకు ఒరిగి, నన్ను చూసి నవ్వబోయిండు. నవ్వు సగం మొఖానికే వచ్చింది. వైదుడు వచ్చిండు, తైలాలు రాసినం. కాలు జర కదులుతది. కుడి చెయ్యి, మాట రాలే.

బుద్ధి, చూపు మాత్రం ఎప్పటి తీరే. కిటికీ పక్కన మంచం వేసిన. ఎడమ చేతి వేలుతోని మంచంపట్టె మీద కొడుతడు. ఒకసారి కొడితె అవును, రెండుసార్లు కొడితె కాదు. ఇంతే మా మాటలు. ఇవ్వే చాలుతున్నయి.

నువ్వు అడిగినదానికి జవాబు. చెక్కుతున్నది నేను.

ఇప్పుడే కాదు. నాలుగేండ్ల కింద మా ఇంటాయన గత్తర రోగంల పోయి నేను తిరిగి ఈ ఇంటికి వచ్చినప్పటి సంది, బాపు చెయ్యి వణుకుతున్నప్పుడల్లా మొఖాలు నేనే చెక్కుతున్న. తలుపు దగ్గరేసుకొని చెక్కేది. ఆడది ఉలి పడితె పనికి కీడని మన కులంల అంటరు గద. బాపు ఎవరికీ చెప్పలే, నన్ను ఆపలే. బజారుల లింగమూర్తి గుర్రాలు మునుపటికంటె పానమున్నట్టు ఉన్నయని జనం అంటుంటె ఇంట్ల ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకోకుండ అన్నం తినేది.

నీకు ఎందుకు చెప్పలేదంటె, చెప్తె నౌకరి విడిచిపెట్టి వస్తవు. కులపోళ్లు నిన్ను ఉలి ముందు కూసోబెడ్తరు. ఉలి అంటె నీకు చిన్నప్పటి సంది ఏడుపే. నీ కోసమే దాచిన అని రాద్దామనుకున్న. రాసి కొట్టేసిన. అది సగం నిజం.

తక్కిన సగం ఇది. నువ్వు వస్తె ఉలి నీ చేతికి పోతది. నా చేతి నుంచి పోతది. ఆరు నెలల సంది నేను తలుపు తెరుచుకొని చెక్కుతున్న ముత్యం. వెలుతురుల చెక్కుతున్న. పొద్దుగాల కిటికీల నుంచి ఎండ వచ్చి కర్ర మీద పడితె, అది ఎటు పోతె నా చెయ్యి అటు పోతది, పగలంత ఒకటే కల తీరు గడుస్తది. నాకు ఇంత సుఖం బాపు మంచాన పడ్డంక దొరికింది. దీన్ని ఎవరితో చెప్పుకోవాలె? చెప్పుకునేటోనివి నువ్వొక్కనివే, నీకే చెప్పలేకపోయిన.

సింహాలు అయిపోవొచ్చినయి. కింద అక్షరాల జాగ మాత్రం సాపుగ విడిచిపెట్టిన. నిజమే గెలుస్తదని నా చేతితో చెక్కి, దాని కింద బాపు పేరు ఎట్ల చెక్కాలె? నువ్వు చదువుకున్నోనివి. నువ్వే చెప్పు.

దసరాకు రా. రావద్దన్నందుకు మన్నించు.

అక్క


కరీంనగర్,
30 అక్టోబరు 1950

అక్కకు దండాలు.

క్షేమంగ చేరిన. ఇంట్ల ఉన్న రెండు దినాలు నీతో చెప్పాలనుకున్న మాట, మొఖం మీద చెప్పలేక, ఇక్కడికి వచ్చి రాస్తున్న.

బాపు దగ్గర కూసున్నంత సేపు నాకు ఏడుపాగలే. ఆయన నా దిక్కు కాదు, నీ దిక్కే చూస్తుండె. నువ్వు ఉలి తప్పుగ పెట్టకముందే ఆయన వేలు లేస్తుండె, నువ్వు తల తిప్పకుండనే ఆగుతుంటివి. నేను మీ ఇద్దరి నడుమ కూసొని, పరాయి దేశానికి వచ్చినోని లెక్కయిన.

సింహం నోట్ల చెయ్యి పెట్టి చూసిన. ఒప్పుకుంటున్న అక్క. నాకు ఆ పని ఏడేండ్లు నేర్పినా రాలే. నీకు ఎవరు నేర్పకుండనే వచ్చింది.

ఇప్పుడు నా మాట విను. బాపు పేరే చెక్కు. ఆయన ఇంట్ల, ఆయన ఉలితోని, ఆయన కండ్ల ముంగట అయిన పని ఆయనది కాకుండ ఎట్ల పోతది? కాయితం మీద ఉన్న పేరు ఒకటి, కర్ర మీద పేరు ఇంకొకటి అయితె సాహెబు నన్నే అడుగుతడు. బాపుకు బాగలేదని మొన్న సుత నేను చెప్పలే. "పని ఎందాక వచ్చింది" అని అడిగితె "బాపు దినాం కూసుంటున్నడు సార్" అన్న. మా పెద్ద గుమాస్తా శ్యాంసుందర్‌రావు నా కుర్సీ మీద తన అల్లుని కూసోబెట్టాలని చూస్తుండు. ఆయనకు ఈ ఒక్క సంగతి చాలు.

ఆ అక్షరాలు సర్కారువి. కాయితాల మీద దినాం వంద సార్లు అచ్చు పడుతున్నయి. ఎవరు చదువుతున్నరు?

నీకు కష్టమనిపిస్తె బాపును అడుగు. ఆయన పేరు, ఆయన ఇష్టం.

ముత్యం


నిర్మల్,
28 డిసెంబరు 1950

ముత్యంకు,

నీ ఉత్తరం చదివి రెండు నెలలు జవాబు రాయకుండ ఉన్న. దాన్ని బాపుకు మొత్తం చదివిన, ఒక్క ముక్క విడవలే. చదువుడు అయినంక "నీ పేరు చెక్కుదునా?" అని అడిగిన.

ఆయన రెండుసార్లు కొట్టిండు.

మళ్ల అడిగిన. "తమ్ముని నౌకరి సంగతి" అన్న. మళ్ల రెండుసార్లు కొట్టి, మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు. ఆ దినం అంబలి సుత ముట్టలే. తాను చెయ్యని పనికి పేరు పెట్టుకున్నడని ఆయనను ఇప్పటిదాక ఎవరు అనలే గద. బొమ్మల గంపలకు పేర్లు ఉండవు కాబట్టి ఇన్నేండ్లు నడిచింది. అడిగి తప్పు చేసిన.

అక్షరాలు చెక్కిన. లీలాబాయి పలక మీద రాసి ఇచ్చింది, నాగరి పైగీత వంకర పోకుండ దారం పట్టి చూసింది. అయినంక వేలితోని ఒక్కొక్క అక్షరం తడుముకుంట చదివింది. ఆమెకు కండ్లల్ల నీళ్లొచ్చినయి.

పేరు జాగల ఏమీ చెక్కలే. బాపుది చెక్కలేను. నాది చెక్కితె నీ బతుకు పోతది. ఉత్త కర్ర ఉన్నది. ఎవరన్న అడిగితె నువ్వు ఏం చెప్తవో అదే చెప్పు, నేను అడ్డం రాను. కోపంతో రాస్తలేను తమ్ముడా.

ఎల్లుండి బస్సు మీద కట్టి పంపుతున్న. గడ్డి, పాత చీరలు చుట్టిన. వాకిలి ఉత్తగైంది. వాటి నుంచి ఇంత చప్పుడు వస్తుండెనా అనిపిస్తున్నది, అవి పోతున్నయంటె ఇల్లు ఇంత సప్పగైతున్నది.

అక్క


కరీంనగర్,
30 జనవరి 1951

అక్కకు, బాపుకు దండాలు.

ఏ తాన మొదలుపెట్టాలో తెలుస్తలేదు. జరిగింది జరిగినట్టు రాస్త.

మూట వచ్చిన దినం వరండాల దించినం. జవాను హనుమండ్లు గడ్డి తీసిండు, నీ చీరల ముడులు ఒక్కొక్కటే విప్పిండు. ఆఖరి చీర తీసినంక ఆయన రెండడుగులు వెనుకకు జరిగి, నెత్తి మీది పాగ సదురుకున్నడు. గుమాస్తాలంత బయటికి వచ్చిండ్లు. పొద్దుటి ఎండ వాటి మొఖాల మీద పడుతుండె, పరిచిన చీరల నడుమ అప్పుడే నిద్ర లేచినట్టున్నయి.

సాహెబు వచ్చిండు. చుట్టూ తిరిగిండు. నడుమ సింహం నోట్ల వేలు పెట్టి చూసిండు. అక్షరాలు చదివి, ఇంకా కిందికి వంగిండు.

"పేరేది?" అన్నడు.

జవాబు తయారు చేసి పెట్టుకున్న అక్క. "బాపు మరిచిపోయిండు సార్, చెక్కిస్త" అని. నాలుగు దినాలు మంచంల పడుకొని నేర్చుకున్న. అది నాలుక కొసకు వచ్చింది. గోడ దిక్కు తిరిగిన బాపు మొఖం కండ్లల్ల మెదిలింది. వేరే మాట బయటికి వచ్చింది.

"మా బాపు పక్షవాతంతోని మంచాన ఉన్నడు సార్. ఇది మా అక్క చెక్కింది. సక్కుబాయి."

"నీకెప్పుడు తెలిసింది?"

"అక్టోబరుల."

"మరి దినాం కూసుంటున్నడని నాకు చెప్పింది?"

"అబద్ధం సార్."

ఆయన లోపటికి పోయిండు. రెండు దినాలు నన్ను పిలువలే. శ్యాంసుందర్‌రావు ఊకుంటడా? "ఆడది చెక్కింది, అందుల మొగడు పోయినామె. గణతంత్రం పండుగ నాడు సర్కారు కుర్సీ మీద పెట్టుకుంటరా? శుభం కాదు" అని అందరి ముంగట అన్నడు. సాహెబు విన్నడు. "ఇది పెండ్లి పందిరి కాదు రావు గారు, కచ్చేరి" అన్నడు. అంతే. తెల్లారి హనుమండ్లు మేకులు తెచ్చిండు.

గోడకు ఎక్కించినం అక్క. ఆ తెల్లటి జాగ మొత్తం కప్పుకపోలే, పక్కల రెండు వేళ్లంత మిగిలింది. సున్నం వెయ్యమన్నరు. ఇరవై ఆరు నాడు బడి పిల్లలు వచ్చి కింద నిలబడి, తలలెత్తి సింహాలు లెక్కపెట్టిండ్లు. ఒక పిల్ల "నోరు తెరిచినా భయం అయితలేదు" అన్నది. నీకు చెప్పాలని ఆ మాటను పట్టుకొని దినమంత తిరిగిన.

ఇగ నా సంగతి. సాహెబు పిలిచి, "నౌకరి పక్కా మాట ఈ ఏడాదికి మరిచిపో. కర్రల ఏ తప్పు లేదు, నీల ఉన్నది" అన్నడు. నేను తల వంచిన. ఆయన మాట న్యాయమే. చిత్రమేందంటె, ఆ దినం నేను అన్నం మంచిగ తిన్న, మంచిగ నిద్రపోయిన. మస్తు దినాలకు.

వచ్చేటప్పుడు ఆగమని, "పేరు లేని పని గోడ మీద ఉంచను. మీ అక్కను పిలువు. ఎవరో చెక్కుడు కాదు, ఆమెనే వచ్చి చెక్కాలె" అన్నడు.

అప్పుడు "ఎవరు చదువుతున్నరు" అని రాసిన గద. ఆ ఉత్తరం ఇంట్ల ఉంటె పొయిల పెట్టు.

నీ రాక కోసం చూస్తుంట.

ముత్యం


నిర్మల్,
4 మార్చి 1951

తమ్ముడు ముత్యంకు అక్క దీవెనలు.

కరీంనగర్ నుంచి మంచిగ ఇల్లు చేరిన. లీలాబాయి ఆ నాలుగు దినాలు బాపును మంచిగ చూసుకున్నది. జావ తాపి, మరాఠీ పాటలు పాడి వినిపిచ్చిందట.

నువ్వు పక్కనే ఉన్నవు గని నీకు అక్కడ చెప్పనివి ఇప్పుడు రాస్తున్న. హనుమండ్లు బల్ల పట్టుకున్నడు, నువ్వు నా కొంగు సదిరినవు, నేను బల్ల ఎక్కి వాటి మొఖాలకు ఎదురుగ నిలబడ్డ. ఇంట్ల అవి నా మోకాళ్ల కాడ ఉండేటివి. అంత ఎత్తున అవి నన్ను గుర్తుపట్టినట్టు లేవు. నాకు జర బాధైంది, తరువాత మంచిగనిపిచ్చింది. బిడ్డలు పెద్దగైతె గట్లనే ఉండాలె.

ఏమని చెక్కాలో అప్పటిదాక తెల్వదు. ఉలి ఆనిచ్చినంక తెలిసింది. "లింగమూర్తి బిడ్డ సక్కుబాయి, నిర్మల్." ఇందుల ఒక్క అక్షరం అబద్ధం లేదు. బాపుకు చెప్పిన. ఎడమ చెయ్యి చాపి నా కుడి చెయ్యి అడిగిండు. అరచెయ్యి తిప్పి, కర్ర కొనేముందు చూసినట్టు, కాయలు కాసిన తానల్ల నిదానంగ చూసిండు. ఆ చేతిని పట్టుకొనే నిద్రపోయిండు. నేను లేవకుండ కూసున్న.

నీ ఉత్తరం పొయిల పెట్టలే. పెట్టను. భయపడ్డోని ఉత్తరం అది, చెడ్డోనిది కాదు. నీ కుర్సీ కోసం ఇప్పుడు ఇంగ్లీషు నేర్చుకుంటున్నవని సాంబయ్య సారు నాతో చెప్పిండు. నువ్వు చెప్పలే. నేర్చుకో.

ఒక సంగతి రాయుడు మరిచిన. వచ్చేటప్పుడు బస్సుల మెట్‌పల్లి తాన ఒకామె ఎక్కింది, కొమురవ్వ అట, నా అంత వయసు. నా పక్కన కిటికీ దిక్కు కూసున్నది. ఎక్కడికి పోయినవ్, మొగడేం చేస్తడు అన్నది. లేడని చెప్పిన. "మరి నువ్వు ఏం పని చేస్తవ్?" అని అడిగింది.

ఇన్నేండ్లు ఎవరన్న అడిగితె, మా బాపు బొమ్మలు చేస్తడు, నేను రంగులేస్త అని చెప్పేదాన్ని. ఆ మాటే నోట్లకు వచ్చింది. ఆగిన.

"నకాషీని" అన్న.

ఆమె నా చేతుల దిక్కు ఒకసారి చూసింది. లేచి, తను కూసున్న కిటికీ పక్క జాగ నాకిచ్చి, ఇటు దిక్కు కూసున్నది.

అక్క